గిన్నెడు జున్ను

పోయిన వారం మనం గిరిని ట్రాలీ ఆటోలో వదిలేసి వచ్చాం. ముందు సీట్లో డ్రైవర్ పక్కన తండ్రి ఐలేశం. వెనక మూడేళ్ల పొట్టేలు. దాని పక్కన తల్లి సోమమ్మ, ఆమె ఒళ్లో పాత చీరముక్క కట్టిన స్టీలు గిన్నె. పొట్టేలుకూ తల్లికీ మధ్య ఇరుక్కుని గిరి. ఊరి బస్టాండు దగ్గర ఆటో కాస్త నెమ్మదిస్తే తల మోకాళ్లలో పెట్టుకున్నాడు. అక్కడ రెండు కరెంటు స్తంభాల మధ్య అతని ఫ్లెక్సీ వేలాడుతోంది. ఒంటి మీద అరువు తెచ్చుకున్న మిల్ట్రీ మచ్చల చొక్కా. చేతిలో లేని తుపాకీని ఎవరో కంప్యూటర్లో పెట్టారు. 'దేశసేవకు ఎంపికైన మా ఊరి ముద్దుబిడ్డ గిరికి శుభాకాంక్షలు' అని కింద రాసి, యువజన సంఘం కుర్రాళ్ల ఫోటోలన్నీ గుండ్రంగా అంటించారు.

గిరి ఎంపిక కాలేదు. మిల్ట్రీ భర్తీ ర్యాలీలో పరుగు దగ్గరే, మూడో చుట్టులో కడుపు పట్టుకుని కూలబడ్డాడు. ఇంటికొచ్చి మాత్రం అయిందన్నాడు, పిలుస్తారన్నాడు. వయసు దాటిపోయింది కాబట్టి ఇక మళ్లీ ఉరికే అవకాశం కూడా లేదు. ఈ నిజం తెలిసిన మనిషి ఊరి చుట్టుపక్కల ఒక్కడే. రామన్నపేట కాలేజీ గ్రౌండులో పొద్దున్నే పిల్లల్ని ఉరికించే రిటైర్డు హవల్దారు రాంచందర్. కొడుకును సిపాయిని చేసినందుకు కృతజ్ఞతగా ఐలేశం తన మందలోకెల్లా బలమైన పొట్టేలును తీసుకుపోతున్నది ఆ రాంచందర్ ఇంటికే.

దేవుడికి పరాచికాలెక్కువ. అయితే గిరి విషయంలో ఆయన మరీ చనువు తీసుకున్నాడు.

ఆటో రామన్నపేటలో రాంచందర్ ఇంటి ముందు ఆగింది. పొట్టేలు దిగనని మొరాయించింది. ఐలేశం ముందునుంచి లాగాడు, గిరి వెనకనుంచి నెట్టాడు. దానికి ముందే తెలిసిపోయిందేమో, ఈ ఇంట్లో తనకు పని లేదని. చివరికి సోమమ్మ దాని చెవి దగ్గర ఏదో గొణిగితే బుద్ధిగా దిగింది. ఐలేశం ఇంట్లో ఎవరి మాట ఎవరు వింటారో దాన్నిబట్టే తెలుస్తుంది.

రాంచందర్ బనియన్ మీద టవల్ వేసుకుని బయటికి వచ్చాడు. అరవై దగ్గర పడుతున్నా నిలువెత్తు మనిషి. భార్య చర్చి వాళ్లతో ప్రార్థన కూటానికి పోయింది. వరండా గోడ మీద ఏసు పటం, దాని పక్కనే యూనిఫాంలో ఆయన పటం. రెండింటికీ ఒకే రకం ప్లాస్టిక్ పూల దండ.

"సారూ, దండం," అన్నాడు ఐలేశం చేతులు జోడించి. "నా కొడుకును మనిషిని జేసినవ్. నా దగ్గర ఏమున్నది ఇచ్చెటందుకు? గిది నా మందల పెద్ద పొట్టేలు. కాదనకు."

రాంచందర్ పొట్టేలు వైపు చూడలేదు. గిరి వైపు చూశాడు. గిరి నేల చూశాడు. ఆ చూపులు అర్థమయ్యేంత తెలివి ఐలేశానికి ఉంది, కానీ ఆ రోజు సంతోషం ఆయన కళ్లకు అడ్డం పడింది. పోయిన వారంనుంచీ ఆయన నడకే మారిపోయింది. మోకాళ్ల నొప్పులు సగం పోయాయని చెప్పుకుంటున్నాడు.

"కూసోండ్రి," అన్నాడు రాంచందర్. "ఐలన్నా, గియన్ని ఎందుకే..."

"ఎందుకంటవేంది సారూ!" అంటూ సోమమ్మ ముందుకొచ్చి గిన్నె గుడ్డ విప్పింది. లోపల పసుపుపచ్చగా గడ్డకట్టిన జున్ను. బెల్లం, మిరియాల వాసన వరండా అంతా కమ్ముకుంది. "మొన్న మేక ఈనింది. మొదటి జున్నుపాలు. మా ఇంట్ల ఎవరు మంచి పనికి పోయినా ఇంట్ల ఉన్న జున్ను కడుపునిండ తినవెట్టి పంపుతం సారూ. మా అత్త చేసేది, దాని అత్త చేసేది. ర్యాలీకి పోయిన్నాడు గూడ గట్లనే గిన్నెడు కట్టించిన. తెల్లారకముందే ఫోన్ జేసి అడిగిన, తిన్నవా బిడ్డా అని. అంతా తిన్ననమ్మా అన్నడు. గందుకే గట్ల ఉరికిండు! తిను సారూ, నీకోసమే తెచ్చిన."

ఆమె గిన్నెను రెండు చేతులతో ఆయన ముందుకు చాపింది.

రాంచందర్ చేయి చాపలేదు. ఆయన ముఖంలో రంగు మారింది. రెండేళ్లుగా గ్రౌండులో ప్రతి పిల్లవాడికీ ఆయన చెప్పే మొదటి మాట ఒకటే. పరుగుకు ముందు కడుపు ఖాళీగా ఉండాలి, గుటకెడు నీళ్లకు మించి ఏదీ లోపలికి పోకూడదు. ర్యాలీలో గిరి కక్కుకుని పడిపోయాడని తెలిసినప్పుడు ఆయన ఫోన్లోనే నానా బూతులూ తిట్టాడు. రాత్రి తాగి ఉంటావురా అన్నాడు. నా మొహం చూడకు అన్నాడు. గిరి ఎదురు చెప్పలేదు.

"నేను చెయ్యి కడుక్కొని వస్త చెల్లె," అన్నాడు రాంచందర్. "గిరీ, నువ్వు రా. ఇంటెనక నల్లా తిప్పుదువుగని."

ఇంటి వెనక నల్లా దగ్గర నీళ్లు రావడం లేదు. ఇద్దరూ దాని ముందు నిలబడ్డారు.

"జున్ను తిన్నవా?" అడిగాడు రాంచందర్.

గిరి తలూపాడు.

"గంత చదువు జెప్పిన గదరా నీకు! ఒక్క మాట చెప్పిన, తినకు అని."

"లైన్ల నిలబడ్డ సారూ. అమ్మ ఫోన్ జేసింది. తిన్నవా అన్నది. తిన్నా అని ఉత్తగ అనొచ్చు. గని అబద్ధం ఆడబుద్ధి కాలే. ఫోన్ పెట్టకముందే డబ్బ తెరిచి అంతా తిన్న, గప్పుడు తిన్ననని చెప్పిన."

తల్లితో చిన్న అబద్ధం ఆడలేక నిజంగా తిన్నవాడు, ఆ తర్వాత అదే తల్లితో ఎంత పెద్ద అబద్ధం ఆడాల్సి వచ్చిందో చూడండి. మనిషి బతుకులో తప్పు ఎక్కడ మొదలవుతుందో వెతుక్కుంటూ పోతే ఒక్కోసారి ఇలాంటి చోటికి చేరతాం. అక్కడ తిట్టడానికి ఎవరూ దొరకరు.

 తిట్టిన తిట్లు వెనక్కి తీసుకునే పద్ధతి హవల్దార్లకు నేర్పరు. రాంచందర్ గిరి భుజం మీద చేయి వేసి, "నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు.

"చెప్తే ఏమొస్తది సారూ? నువ్వు ఎవరికన్న చెప్తవ్. అమ్మకు తెలుస్తది."

"సరే. అది ఇడిసిపెట్టు. సెంటర్ ముచ్చట ఏం జేసినవ్? ఐదింటికి మూసేస్తరు. రేపు బ్యాచ్ మొదలు."

ఆ సెంటర్ గురించి కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. టౌన్ దాటాక చిట్యాల రోడ్డు మీద ఒక ట్రస్టు వాళ్లు క్రేన్లు నడపడం నేర్పుతారు. ఉండటానికి జాగా, తిండి, బట్టలు వాళ్లవే. మిల్ట్రీ ఆశ పోయిన పిల్లల కోసమే పెట్టారని రాంచందర్ అంటాడు. కానీ వాళ్లకో భయం ఉంది. ఎక్కడో ర్యాలీ పడిందని తెలియగానే పిల్లలు నేర్చుకుంటున్న పని మధ్యలో వదిలేసి గోడ దూకి పోతున్నారు. అందుకని ఇంటి పెద్ద స్వయంగా వచ్చి, వీడిని మళ్లీ ఉరకనీయం అని మాటిస్తేనే సీటు ఇస్తారు. అంటే ఐలేశం రావాలి. ఐలేశం రావాలంటే ఆయనకు నిజం తెలియాలి.

గిరి మొదట్లో ఆ సెంటర్ పేరెత్తితే మండిపడ్డాడు. నన్ను డ్రైవర్ను చేస్తావా సారూ అన్నాడు. పోయిన సోమవారం మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒక్కడే పోయి చూసి వచ్చాడు. అక్కడి మేస్త్రీ సరదాకి అతన్ని క్యాబిన్ ఎక్కించి, ఒక ఇనుప దూలాన్ని ఎత్తించాడు. అంత బరువు తన వేళ్ల కింద గాలిలో తేలుతుంటే గిరికి ఊపిరి ఆగిపోయింది. దించేటప్పుడు అప్పుడే పుట్టిన పిల్లను తల్లి ముందు పెట్టినంత నెమ్మదిగా పెట్టాడు. దుమ్ము కూడా లేవలేదు. నీకు చెయ్యి ఉందిరా తమ్మీ అన్నాడు మేస్త్రీ. గిరి జీవితంలో ఎవరైనా అతని కాళ్ల గురించి కాకుండా చేతుల గురించి మాట్లాడటం అదే మొదలు.

"పోవాల్నని ఉన్నది సారూ," అన్నాడిప్పుడు, ఎండిన నల్లా వైపు చూస్తూ. "నిజంగనే ఉన్నది. రాత్రి కల్ల గూడ గదే కనిపిస్తాంది. గని నాయినకు ఎట్ల చెప్పాలె? ఫ్లెక్సీ కట్టిండ్రు. నాయిన గల్లీ గల్లీ తిరిగి చెప్పుకున్నడు. ఇప్పుడు గాదంటే మా నాయిన ఊర్లె తలెత్తుకుంటడా?"

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

 "నువ్వే చెప్పు సారూ. ఒక్కటి మాత్రం... జున్ను ముచ్చట ఎత్తకు. నీ కాళ్లు మొక్కుత. పానం బాగలేక పడిపోయిండని చెప్పు. అమ్మకు గది తెలువొద్దు."

వాళ్లు వరండాలోకి వచ్చేసరికి పొట్టేలు గేటు పక్కన మందార మొక్కను సగం తినేసింది. సోమమ్మ గిన్నె పక్కన పెట్టుకుని, గోడ మీద యూనిఫాం పటం చూస్తూ కూర్చుంది. కొడుకు పటం ఇంట్లో ఏ గోడకు పెట్టాలో ఆమె మనసులో అప్పటికే నిర్ణయమై ఉంటుంది.

రాంచందర్ కుర్చీలో కూర్చోకుండా ఐలేశం ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆ మాత్రానికే ఐలేశం కంగారుపడి లేవబోయాడు.

"కూసో ఐలన్నా. నేను జెప్పేది జర నిమ్మళంగ ఇను. గిరి సెలెక్ట్ గాలే."

ఐలేశం నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "పరాచికాలాడుతవేంది సారూ."

"పరాచికం గాదు. ఉరుకుడుల్నే పోయింది. వయసు గూడ అయిపోయింది. ఇగ మల్ల లేదు. పిలగాడు మీకు చెప్పలేకపోయిండు."

నవ్వు ఐలేశం ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు. మెల్లగా కొడుకు వైపు తిరిగాడు. "నిజమేనారా?"

"నిజమే నాయినా."

ఐలేశం కొట్టలేదు. తిట్టనూ లేదు. భుజం మీది గొంగడి తీసి ఒళ్లో పెట్టుకుని, అంచులు సరిచేయడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ సరిగానే ఉండే అంచులవి. తండ్రి చేతులు అలా తిరుగుతుంటే చూడలేక గిరి మొహం పక్కకు తిప్పుకున్నాడు. కొట్టినా బాగుండేదనిపించింది.

"నిన్న చెప్పినా బాగుండు బిడ్డా," అన్నాడు ఐలేశం ఎంతో సేపటికి. "ఒక్క దినం ముందుగాల చెప్పినా బాగుండు. ఇయ్యాల పొద్దుగాల పరమేష్‌కు కర్ర ఇచ్చిన."

 పరమేష్ సోమమ్మ తమ్ముడు. వాళ్లలో మందను ఒకరి నుంచి ఒకరికి అప్పజెప్పాలంటే కాగితాలేమీ ఉండవు. మంద ముందు నిలబడి కాపరి కర్రను అవతలివాడి చేతికిస్తారు. ఇచ్చిన కర్రను మళ్లీ అడగడమంటే ఇచ్చిన మాటను మింగడమే. ఐలేశం తండ్రి ఐలేశానికి అలాగే ఇచ్చాడు. ఐలేశం ఏనాటికైనా గిరికి ఇవ్వాల్సిన కర్ర అది.

"మిల్ట్రోని తండ్రివి, ఇగ గొర్ల ఎంబడి ఏం దిరుగుతవ్ బావా అన్నడు వాడు. నా మోకాళ్లు గూడ నడుస్తలేవాయె. సరే అన్న. పొద్దుగాల్నే మందను తోలుకొని హాలియా దిక్కు పోయిండు, కాల్వ కింద మేపెటందుకు. పొట్టేలు ఒక్కటే మిగిలింది. గిదొక్కటే, సారుకని ఆపిన."

అందరూ పొట్టేలు వైపు చూశారు. అది రెండో మందార కొమ్మ అందుకుంటోంది.

 ఈ సంగతి విన్నాక సోమమ్మ మొదటిసారి నోరు తెరిచినప్పుడు భర్త వైపు గానీ కొడుకు వైపు గానీ చూడలేదు. "ఎట్ల పోయింది సారూ?" అంది. "నా కొడుకు గుట్ట మీదికి మేకపిల్లను ఎత్తుకొని ఉరికేటోడు. ఏనాడన్న ఆగిండా? ఉరుకుడుల్నే ఎట్ల పోతది?"

"పానం బాగలేకుండె చెల్లె ఆనాడు."

"ఏం బాగలేకుండె? ముందటి రాత్రి ఇంట్లకెల్లి పోయేటప్పుడు మంచిగనే ఉండె."

"తిప్పినట్టయింది. పడిపోయిండు."

"కడుపుల తిప్పిందా?"

 ముప్పై ఏళ్ల కిందట సరిహద్దు మీద ఏమేం చూసొచ్చాడో గానీ, ఒక తల్లి అడిగిన మామూలు ప్రశ్నకు రాంచందర్ కళ్లు దించుకున్నాడు. దించుకున్న కళ్లు వెళ్లి సరిగ్గా ఆ గిన్నె మీద పడ్డాయి. అంతే. ఒక్క క్షణం. వెంటనే తిప్పేసుకున్నాడు.

కానీ సోమమ్మ మేకల కళ్లూ గొర్రెల కళ్లూ చదువుతూ బతికిన మనిషి. ఆమె కూడా గిన్నె వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు చూసింది. గిరి తల అడ్డంగా ఊపాడు, అది కాదమ్మా అన్నట్టు. ఎవరూ అడగకుండానే కాదని ఊపాడు. దాంతో ఆమెకు పూర్తిగా తెలిసిపోయింది.

ఆమె ఏడవలేదు. కింద పడేసిన చీరముక్క అందుకుని గిన్నెకు మళ్లీ కట్టింది. ఒక ముడి వేసింది, దాని మీద ఇంకో ముడి వేసింది. "నేనేనా?" అంది చాలా చిన్నగా.

"కాదమ్మా..."

"నేనే," అంది సోమమ్మ. "నా చేతులార నేనే."

ఆ మాట తర్వాత ఆ వరండాలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఈ కథ రాస్తున్న నాకూ తోచడం లేదు. ప్రేమగా తినిపించిన ముద్ద కొడుకు గొంతుకు అడ్డం పడిందని తెలిసిన తల్లికి చెప్పగల మాట ఏ భాషలోనైనా ఉంటే, అది నాకింకా తారసపడలేదు.

మాట కలపాలి కాబట్టి రాంచందర్ కలిపాడు. సెంటర్ గురించి చెప్పాడు. "నేను పోయిన్నాడు వేరు ఐలన్నా. మా నాయిన దొర కాడ జీతముండె. నాకు ఫౌజు తప్ప దారి లేకుండె. పోయిన, పింఛను తోని వచ్చిన. ఇప్పుడు పోయినా నాలుగేండ్లే. నాలుగేండ్లకు నలుగుర్ల ఒక్కని ఉంచుకుంటరు, తక్కినోళ్లు మల్ల ఇంటికే. పోరగాండ్లకు గీ ముచ్చట ముందుగాల నేనే చెప్పాల్సింది. ఉరుకుండ్రి ఉరుకుండ్రి అన్న. ఎవడు ఆగిపోయినా ఆని తప్పే అన్న." ఆయన గిరి చేతుల వైపు చూపించాడు. "గీ పని చేతిల ఉంటది. ఆని చెయ్యి మంచిదన్నడు మేస్త్రీ. ఐదింటికి మూస్తరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే చాలు."

ఐలేశం గొంగడి అంచులు వదిలాడు. "క్రేనంటే ఏంది బిడ్డా?" అన్నాడు గిరితో.

గిరి తడబడుతూ చెప్పాడు. బరువులెత్తే బండి నాయినా అన్నాడు. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టే కాడ ఉంటది అన్నాడు. దూలాన్ని ఎత్తి దించిన సంగతి చెప్పేటప్పుడు అతని చేతులు తెలియకుండానే గాలిలో కదిలాయి, వేళ్లు అక్కడ లేని క్రేన్ కర్రల్ని పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాయి. ఐలేశం ఆ చేతుల్నే చూశాడు. పిల్ల అడ్డం తిరిగిన గొర్రెకు పురుడు పోయడం ఆ చేతులకు నేర్పింది తనే.

"మెల్లగ దించినవా?"

"దుమ్ము గూడ లేవలే నాయినా."

ఐలేశం గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్ల నొప్పి తిరిగి వచ్చింది, ముఖంలో కనిపించింది. "పా మరి," అన్నాడు. "ఏడున్నదో చూపియ్యి. నాలుగు దాటినట్టున్నది."

గిరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ర్యాలీలో పడిపోయినప్పటి నుంచీ ఆ పిల్లవాడి ముఖం మీద వెలుగు పడటం అదే మొదటిసారి. ఇంకొంచెం సేపు దాన్ని అక్కడే ఉండనిస్తే రచయితకు పోయేదేముంది అని మీరు అడగొచ్చు. నా చేతిలో లేదు. ఆ వెలుగు గేటు దాకా కూడా పోలేదు.

ముందు డప్పు వినిపించింది. తర్వాత ఈలలు. సందు చివర పటాకుల లడి పేలింది. పొట్టేలు బెదిరి తాడు చివరిదాకా పోయింది. రెండు ట్రాలీ ఆటోల నిండా ఊరి పిల్లలు, ముందు సంఘం ప్రెసిడెంట్ ఎల్లస్వామి బైక్ మీద, మెడలో కండువా, చేతిలో బంతిపూల దండ. ఐలేశం సారుకు పొట్టేలు తీసుకుపోతున్నాడని ఊరంతా తెలుసు. గురువునూ శిష్యుణ్నీ కలిపి ఊరేగిద్దామని వెనకే వచ్చారు. చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరచాలని వాళ్ల సరదా.

"గిరన్న జిందాబాద్!"

ఐలేశం అలాగే నిలబడిపోయాడు. రాంచందర్ గేటు వైపు ఒక అడుగు వేశాడు. ఆయన చెప్పేసేవాడే. ఇద్దరికి చెప్పిన నోటికి ఇరవైమందికి చెప్పడం కష్టం కాదు. కానీ సోమమ్మ ఆయన కంటే ముందు లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. గిన్నె చంకన పెట్టుకుంది.

"ఆగు సారూ," అంది. "ఒక్కసారి నా చేతులతోని ఆన్ని పడేసిన. మల్ల నా కండ్ల ముందట నవ్వులపాలు కానియ్య."

ఆమె పోయి గేటు తీసింది. "ఎల్లస్వామీ, మంచిగొచ్చిండ్రు బిడ్డా," అంది. గొంతులో ఎక్కడా జీర లేదు. "గిరికి పిలుపొచ్చింది. ఇయ్యాల్నే పోవాలె. గిప్పుడే. దండేసి జల్ది పంపుండ్రి, ఆలస్యమైతాంది."

పాపం, ఆమె లెక్క సూటిగానే ఉంది. దండ వేస్తారు, ఫోటో దిగుతారు, వెళ్లిపోతారు. తర్వాత తండ్రీకొడుకులు చిట్యాల రోడ్డు పట్టుకుంటారు. ఊరికి కొడుకు సిపాయిగానే ఉంటాడు, ఎక్కడో క్రేన్ నడుపుకుంటాడు. అబద్ధాన్ని కొడుకు నెత్తి మీంచి తన నెత్తి మీదికి మార్చుకుందామనుకుంది.

"ఇయ్యాల్నేనా!" అని అరిచాడు ఎల్లస్వామి. "అరే, మరి చెప్పరేంది సోమక్కా! సాయంత్రం ప్యాసింజర్‌కేనా? పాండ్రిరా, అందరం స్టేషన్ దాకా పోదం! మనోణ్ని మనమే రైలెక్కించాలె!"

"గంత అవసరం లేదు బిడ్డా..." అంది సోమమ్మ. డప్పులో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

నలుగురు పిల్లలు లోపలికి దూసుకొచ్చి గిరిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. దండ మెడలో పడింది. ఎవరో నుదుటిన బొట్టు పెట్టారు. ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకుని, ఊళ్లో అందరికీ కనబడేలా లైవ్ పెట్టారు. గిరి పైనుంచి తండ్రిని చూశాడు. ఐలేశం చుట్టూ ఉన్న పిల్లల్ని చూశాడు. ఫ్లెక్సీ కట్టిన పిల్లలు, నవ్వుతున్న పిల్లలు, తన కొడుకు కోసం ఊరి నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ల ముందు ఏమని చెప్పగలడు?

సందు చివర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే చిట్యాల రోడ్డు, సెంటర్. ఎడమకు తిరిగితే రైల్వే స్టేషన్. డప్పు ఎడమకు తిరిగింది. భుజాల మీద ఊగుతూ గిరి ఒక్కసారి వెనక్కి తిరిగి కుడివైపు చూశాడు. దూరంగా ఇళ్ల కప్పుల మీదుగా పసుపుపచ్చ క్రేన్ చెయ్యి కనిపించింది. ఎవరో దాన్ని మెల్లగా కిందికి దించుతున్నారు. రోజు పని ముగిసినట్టుంది.

స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద ఇద్దరు ముగ్గురు ప్రయాణికులు తప్ప ఎవరూ లేరు. డప్పు చప్పుడుకు అందరూ లేచి నిలబడ్డారు. ఎల్లస్వామి స్వయంగా పోయి టికెట్ తెచ్చాడు. అదీ సంఘం ఖాతాలోనే. ఎక్కడిదాకా అని అడిగితే గిరి చెప్పలేకపోయాడు కాబట్టి ఆ రైలు పోయే చివరి స్టేషన్ దాకా తీసుకున్నాడు. మిల్ట్రీ వాళ్లు ఎక్కడికి పోతున్నదీ బయటికి చెప్పకూడదని పక్కవాడితో గొప్పగా అన్నాడు.

సోమమ్మను పిల్లలు తమ ఆటోలోనే తెచ్చారు; రాంచందర్ బైక్ మీద ఐలేశాన్ని ఎక్కించుకుని వచ్చాడు. వచ్చి, దూరంగా నీళ్ల కుళాయి దగ్గర నిలబడ్డారిద్దరూ. దగ్గరికి రావడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. చేతిలో సంచీ అయినా లేకుండా, చెప్పులతో, బంతిపూల దండతో గిరి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. రైలు మలుపు తిరిగి కూత వేసింది. అది ఆగితే అతను ఎక్కాలి. ఎక్కకపోవడానికి కారణం చెప్పగల నోరు అక్కడ ఒక్కటీ లేదు. స్టేషన్ గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు దాటింది, చిన్న ముల్లు ఐదు మీద ఉంది.

"సోమక్కా, జున్ను! జున్ను ఇయ్యలేదేంది?" అని గుర్తుచేశాడు ఎల్లస్వామి. వాళ్ల ఇళ్లలోనూ అదే ఆచారం. అందరూ జరిగి ఆమెకు దారి ఇచ్చారు. ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి.

సోమమ్మ నడిచి వచ్చి కొడుకు ముందు నిలబడింది. చంకలోని గిన్నె తీసి, రెండు ముళ్లు వేసిన గుడ్డతో సహా అతని చేతుల్లో పెట్టింది. చుట్టూ ఈలలు, చప్పట్లు. ఆమె కొడుకు తల కిందికి వంచుకుని, నుదురు ముద్దు పెట్టుకుంటున్నట్టుగా చెవి దగ్గర పెదవులు ఆనించింది.

"తినకు బిడ్డా," అంది. "రైలు వాగు దాటినంక పారబొయ్యి."

రైలు ఆగింది.